ఇచ్చేవారు ఏమవుతారు?

ఫిబ్రవరి 3

గుండీ,

మొన్న ఫోను చేశాను. మోటార్ల హోరులో నా మాట నీకు వినపడలేదు. నీ "ఆఁ? ఆఁ?" మాత్రం నాకు వినపడింది. అందుకని రాస్తున్నాను.

మన అమ్మ పోయి ఏప్రిల్ నెలాఖరుకి ఏడాది. ఈలోపు ఇల్లు ఆమె పేరు మీద నుంచి మన పేరు మీదికి మారాలి. దాటితే జరిమానా. వారసులం ఇద్దరం, చెరి సగం. నా సగం కూడా నీకే రాసిస్తాను. ముందు గదిలో గుండీల కొట్టు నడుపుకోనిస్తే నాకు చాలు. మీ పంపులు ఇకమీదట వాటంతట అవే తిరుగుతాయట కదా. మే నెలలో క్వార్టర్సు ఖాళీ చేయమన్నారని విన్నాను. నీది అని చెప్పుకునే కప్పు నీ తల మీద ఒకటి ఉండాలి.

దస్తావేజులు రాసే ఆయన్ని కలిశాను. నెమ్మదైన మనిషి. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని దానికోసం సొరుగంతా వెతుకుతాడు. నీ నుంచి ఒక ప్రమాణపత్రం కావాలన్నాడు. చనిపోయినవారు నీకు ఏమవుతారు, ఇచ్చేవారు నీకు ఏమవుతారు, పుచ్చుకోవడం నీకు సమ్మతమేనా. అక్కడి నోటరీ చేత టైపు చేయించి పంపు.

వేళకి తినండి. ప్రార్థనలో మీ ఇద్దరినీ తలుచుకుంటున్నాను.

ఉంటాను.


ఫిబ్రవరి 14

అమ్మా,

నీ ఉత్తరం చూసి ముందు కోపం వచ్చింది. ఇల్లంతా నాకెందుకు? సగం చాలదా? వద్దని రాద్దామనే కూర్చున్నాను. నీ కోడలు పక్కనుంచి, "ఎందుకండీ శ్రమ? మీరు వాదిస్తే ఆవిడ ప్రార్థనకి కూర్చుంటారు. దేవుణ్ణి మధ్యకి తెచ్చాక మీరెక్కడ గెలుస్తారు?" అంది. అదీ నిజమే. సరే, నీ మాటే కానివ్వు. కానీ కొట్టు "నడుపుకోనిస్తే" అని ఇంకోసారి రాశావంటే ఊరుకోను. ఎవరు ఎవరిని నడుపుకోనివ్వాలి? చిన్నప్పుడు నేను మింగిన గుండీ కూడా ఆ కొట్టుదే. ఆ లెక్కన ఆ కొట్టుకి నేనే బాకీ.

నోటరీ దగ్గరికి వెళ్ళొచ్చాను. టైర్లకి పంక్చర్లు వేసే షెడ్డు పక్కన ఆయన గది. లోపల కుర్చీ ఒకటే, అది ఆయనదే. "చెప్పు" అన్నాడు. "అమ్మమ్మ ఇల్లండీ. అమ్మ తన భాగం నాకిస్తోంది" అన్నాను. టకటకా కొట్టేశాడు, ముద్ర గుద్దేశాడు. బయటికొచ్చి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది.

నువ్వు అక్కవని నాకు తెలీక కాదమ్మా. ఆ సంగతి తెలిసేసరికే నాకు మాటలొచ్చేశాయి. నిన్ను చూసే మొదట అమ్మా అన్నానట. "అది అమ్మైతే ఇక నేను అమ్మమ్మనేగా" అని అసలావిడ పడీపడీ నవ్విందట. అదే ఖాయమైపోయింది. ఇప్పుడు నోటరీ ముందు నాలుక ఎక్కడ తిరుగుతుంది?

మళ్ళీ టైపు చేయించాలంటే మళ్ళీ లైను, మళ్ళీ సెలవు. అమ్మ ఇల్లైతేనేం, అమ్మమ్మ ఇల్లైతేనేం, ఇల్లు ఇల్లేగా? వాళ్ళే సర్దుకుంటారు. పంపుతున్నాను.

ఇక్కడ కొత్త మిషన్లు దిగాయి. బిగించడానికి వచ్చిన కుర్రాళ్ళు మమ్మల్ని "సార్" అంటున్నారు. ఇంటికి పంపించేవాళ్ళెప్పుడూ మర్యాదగానే ఉంటారు.

నీ గుండీ


ఫిబ్రవరి 25

గుండీ,

కాగితం అందింది. వాళ్ళు సర్దుకోలేదు.

దస్తావేజుల ఆయన నీ పత్రం, నా పత్రం పక్కపక్కన పెట్టుకుని చదివాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివాడు.

"చనిపోయినావిడ మీకేమవుతారమ్మా?"

"అమ్మ."

"ఆ అబ్బాయికి?"

"అమ్మే."

"మరి అబ్బాయి అమ్మమ్మంటున్నాడే? మిమ్మల్ని అమ్మంటున్నాడు. అంటే అబ్బాయి మీకు..."

"తమ్ముడవుతాడు" అని చెప్పవలసింది. తల ఊపాను. ఆయనకు ఏమర్థమైందో తెలియదు. "మీ కాగితం ప్రకారం వారసులిద్దరు, ఆయన కాగితం ప్రకారం మీరొక్కరే. ఏది నిజం?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే గొంతు తగ్గించి, "ఆయనదే ఉంచేయండి, కలిసొస్తుంది. తల్లి కొడుక్కిస్తే పన్ను పేరుకే. అక్క తమ్ముడికిస్తే మాత్రం చాలా కట్టాలి. ఆఫీసు లెక్కలో అక్క కుటుంబం కిందికి రాదు" అన్నాడు. మంచికే చెప్పాడు. వద్దన్నాను.

నేను నీకు అమ్మనని నీకూ నాకూ దేవుడికీ తెలుసు. అది చాలు. ఆఫీసుకి తెలియనక్కర్లేదు. అక్కడ అక్క అనే రాయించు. చనిపోయినావిడ అమ్మ అని రాయించు. సెలవు పెట్టక తప్పదు.

కుర్రాళ్ళ మీద కోపం పెట్టుకోకు. వాళ్ళకి కూడా ఇంటి నుంచి ఎవరో ఉత్తరాలు రాస్తుంటారు.

ఉంటాను.


మార్చి 6

అమ్మా,

అక్క కుటుంబం కిందికి రాదా? మరి దేని కిందికి వస్తుందట? నాకు పాలు పట్టడానికీ అక్షరాలు దిద్దించడానికీ, నా జ్వరాలకీ నా ఫీజులకీ కుటుంబం, ఇల్లు ఇచ్చేటప్పుడు మాత్రం వీధిలో మనిషా? ఆ రూలు రాసినవాడికి అక్క లేదు. ఉంటే వాడి చెవి మెలిపెట్టేది.

సరే, నీ ఇష్టప్రకారమే మార్పిస్తాను. కానీ నాకు చిన్నతనంగానే ఉంది. అమ్మ అని రాస్తే నీకు నామోషీయా ఏమిటి? పన్ను కూడా మిగిలేది. నీ కోడలు నవ్వి నవ్వి చచ్చింది. "అత్తపోరు లేదు, ఆడపడుచు పోరు లేదు, రెండూ ఒక్క మనిషేనని హాయిగా అత్తయ్యా అని పిలుస్తున్నాను. ఇప్పుడు కాగితం మీద ఆడపడుచయ్యారా? నా దండాలన్నీ వెనక్కి ఇచ్చేయమనండి" అంటోంది.

ఆమే ఇంకో మాట కూడా అంది. ఇల్లు రాసివ్వడం ఒక వంకేనట. అసలు మేమిద్దరం వచ్చి నీ దగ్గర ఉండిపోవాలని నీ మనసులో ఎప్పటినుంచో ఉందట, నోరు విప్పి అడగలేక కాగితాల దారి పట్టావట. నేనేమో, "మా అమ్మ అలా మనసులో పెట్టుకునే మనిషి కాదు" అన్నాను. "మీకు తెలీదు, ఆడవాళ్ళకి తెలుస్తుంది" అంది. నిజమేనా? నిజమైతే ఒక్క ముక్క రాయి, చాలు.

నీ గుండీ


మార్చి 9

అమ్మా,

మొన్నటి ఉత్తరం పోస్టు చేసిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. నవ్వులాటగా ఏదేదో రాసేశాను. ఇది నవ్వులాట కాదు.

డ్యూటీలో కూర్చుని నీ ఉత్తరం మళ్ళీ చదివాను. "నేను నీకు అమ్మనని నీకూ నాకూ దేవుడికీ తెలుసు. ఆఫీసుకి తెలియనక్కర్లేదు. అక్కడ అక్క అనే రాయించు." మొదటిసారి చదివినప్పుడు ముచ్చటగా అనిపించింది. రెండోసారి ఏదోగా ఉంది. మా ఫిట్టరుకి చూపించాను. చూపించకపోతే బాగుండేది. వాడు చదివి కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "ఆవిడ స్పష్టంగానే చెప్పిందిగా, నీకే ఇన్నాళ్ళు బుర్రకెక్కలేదు" అన్నాడు. "ఏం చెప్పింది?" అన్నాను. వాడు మోటారుకి నూనె పోయడానికి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచీ అన్నీ ఒక్కటొక్కటే గుర్తొస్తున్నాయి. నాన్న నేను పుట్టకముందే పోయాడన్నారు. ఒక్క ఫోటోలోనూ ఆయన పక్కన నేను లేను. నువ్వు పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "కుదరలేదు" అన్నావు. అమ్మమ్మ నన్ను ఎన్నడూ ఒక్క దెబ్బ కొట్టలేదు, మనవణ్ణి చూసినట్టే చూసింది.

నేను నీ కడుపునే పుట్టానా? పన్ను ఎక్కువైనా సరే అక్క అనే రాయించమన్నది అందుకేనా? ఇన్నేళ్ళూ అందరి ముందూ అక్కవని చెప్పుకున్నావు కనుక ఇప్పుడు మార్చలేకనా?

ఎలా అడగాలో తెలీక అడుగుతున్నాను. అవునో కాదో చెప్పు.


మార్చి 11

గుండీ,

నీ ఉత్తరం అందింది. నువ్వు అడిగింది నిజమే.

ఇన్నేళ్ళూ నోరు విప్పి చెప్పలేకపోయాను. సిగ్గుపడ్డాను. నీ బతుకు నువ్వు బతుకుతుంటే నా కోరిక అడ్డం తేకూడదనుకున్నాను. అమ్మకు తెలుసు. "చెప్పెయ్యవే, వాడేమీ అనుకోడు" అనేది. నేనే వినలేదు. అమ్మాయి కనిపెట్టేసింది. ఆడవాళ్ళకి తెలుస్తుంది.

ఇప్పుడు నీకూ తెలిసింది కనుక ఇక నీ ఇష్టం. నిర్ణయం ఏదైనా నీకు నేను ఎప్పటిలాగే ఉంటాను.

పై గదికి రంగు వేయిస్తున్నాను. లేతాకుపచ్చ. అమ్మాయికి నచ్చుతుందేమో కనుక్కో.

కాగితం మాత్రం మార్చి త్వరగా పంపు. ముందు చెప్పినట్టు, అక్క అనే.

ఉంటాను.


మార్చి 20

పైన ఏమని రాయాలో తెలియక వదిలేశాను.

నీ జవాబు వచ్చింది. నిజమే అన్నావు. ఒక్క ముక్క. ఏది అడిగినా ఒక్క ముక్కే చెబుతావు, దీనికి కూడానా? నేనెవరికి పుట్టానో చెప్పి, అదే కాగితం మీద గోడ రంగు అడగడానికి నీకు చేతులెలా వచ్చాయి? నీ కోడలు ఉత్తరం చదివి, "లేతాకుపచ్చ బాగుంటుందండీ" అని, వెంటనే ఏడుపు మొదలెట్టింది. ఎందుకేడుస్తున్నావంటే తెలీదంది. ఇక్కడ ఎవరికీ ఏమీ తెలీదు.

నోటరీ దగ్గర కొత్త కాగితం చేయించి ఉంచాను. అమ్మ అని, అక్క అని, నువ్వు చెప్పినట్టే. చించేశాను. అబద్ధం మీద సంతకం నేను పెట్టను. తల్లి కొడుక్కిస్తోందని మొదట పంపిన కాగితమే నిజమైతే అదే ఇవ్వు. పన్నూ ఉండదు. లేదంటే ఇల్లూ వద్దు, జరిమానా పడితే పడనీ.

ఫోను చేద్దామని రెండుసార్లు పోస్టాఫీసు దాకా వెళ్ళాను. అవతల నువ్వు ఎత్తితే ఏమని పిలవాలి? ఆ మాట దొరక్క తిరిగొచ్చాను.

నాన్న మరి నాకు తాతా? నా తండ్రెవరు? బతికున్నాడా? ఆయనకి నా సంగతి తెలుసా?

నాకు నీ మీద కోపం లేదు. ఉందో లేదో కూడా తెలియడం లేదు.


మార్చి 27

గుండీ,

నీ తొమ్మిదో తారీఖు ఉత్తరం నిన్న వచ్చింది. ఏయే ఊళ్ళు తిరిగిందో, నాలుగు ముద్రలున్నాయి. ఇరవయ్యో తారీఖుది ఈ రోజు వచ్చింది. రెండూ పక్కన పెట్టుకుని చదివాను. చాలాసేపు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కొట్టు తలుపు వేసి కూర్చున్నాను.

నేను జవాబు రాసింది నీ ఆరో తారీఖు ఉత్తరానికి. మీరిద్దరూ వచ్చి నాతో ఉండాలని నా మనసులో ఉందా అని అడిగావు. నిజమే అన్నాను. సిగ్గుపడింది దానికి. అమ్మకు తెలిసిందీ అదే. పై గది మీ కోసం.

నేను నిన్ను కనలేదు.

మాటలు పొదుపుగా వాడడం మంచిదనుకునేదాన్ని. ఈసారి దుబారా చేస్తాను, చదువు.

నువ్వు పుట్టిన రోజు నేను ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఉన్నాను. లోపల అరిచింది అమ్మ. నాన్న పోయినప్పుడు ఆమె ఏడవలేదు. ఆ ఏడుపంతా ఆ రోజు ఏడ్చింది. నర్సు నిన్ను గుడ్డలో చుట్టి బయటికి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. బయట ఉన్నది నేనొక్కదాన్నే కనుక నాకిచ్చింది. అంతే జరిగింది.

అమ్మ అదే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి కుదురుకుంది. పగలు పడుకునేది. నువ్వు లేచేసరికి నేను కనిపించేదాన్ని. అందుకని నన్ను అమ్మా అన్నావు. ఆమె నవ్విన సంగతి నీకు చెప్పారు. ఆ నవ్వు తరువాత పెరట్లోకి వెళ్ళి ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికిందని నీకెవరూ చెప్పలేదు.

ఇంకొకటి. నీకు నాలుగో ఏడు. ఒక మధ్యాహ్నం జ్వరం బాగా వచ్చింది. నేను పక్క గదిలో కునుకు తీస్తున్నాను. అమ్మే నీ దగ్గర కూర్చుంది. కలవరింతలో "అమ్మా" అని ఆమె చెయ్యి పట్టుకున్నావు. ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకుని వచ్చి నన్ను లేపింది. "లేవే, నిన్ను పిలుస్తున్నాడు" అంది. నేను లేచి వెళ్ళాను. నిద్రమత్తులో నాకేమీ తోచలేదు. ఇప్పుడు తోస్తోంది.

నాకు పెళ్ళి కుదరలేదన్నది కూడా నిజమే. అడిగినవాళ్ళు నచ్చలేదు, నచ్చినవాళ్ళు అడగలేదు. అందులో నీ తప్పు లేదు, రహస్యమూ లేదు.

నీ మొదటి కాగితం అలాగే ఉంచితే నాకు పన్ను మిగులుతుంది. ఆమెకు ఏం మిగులుతుంది? బతికినన్నాళ్ళూ అమ్మమ్మగానే ఉండిపోయింది. నిన్ను కన్నది ఆమె. ఒక్క కాగితం మీదైనా ఆమె నీకు అమ్మ కావాలి. ఆ చోటు నేను తీసుకోలేను. ప్రార్థనలో కూర్చున్నా మనసు ఒప్పుకోలేదు. అందుకే వద్దన్నాను. నామోషీ కాదు.

నువ్వు నన్ను ఏమని పిలుస్తావో నీ ఇష్టం. పలుకుతాను.

నాన్న నీకు నాన్నే. నీ చెవులు ఆయనవి. అద్దంలో చూసుకో.

ఉంటాను.


ఏప్రిల్ 6

అక్కా అని రాసి కొట్టేశాను. ఎవరినో పిలిచినట్టుంది. అమ్మా అని రాస్తే ఆవిడ గుర్తొస్తోంది. ఈ ఉత్తరానికి పైన ఏమీ లేదనుకో, తరువాతి దానికి చూద్దాం.

నీ ఉత్తరం గట్టిగా చదవమని నీ కోడలికిచ్చాను. జ్వరం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. మిగతాది నేను చదివాను. నేనూ ఆగిపోయాను. ఫిట్టరు వచ్చి, "ఏమైందిరా?" అంటే, "నీ తలకాయ అయింది, నూనె పోసుకో పో" అన్నాను. పాపం వాడికేమీ అర్థం కాలేదు. సాయంత్రం వాడే టీ తెచ్చిచ్చాడు.

నోటరీ దగ్గరికి మూడోసారి వెళ్ళాను. నన్ను చూడగానే ఆయన, "ఈసారి ఎవరెవరికి ఏమవుతారయ్యా?" అన్నాడు. లైన్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వుదామనుకున్నాను. "ఇల్లు మా అమ్మదండీ" అన్నాను. ఆయన టైపు చేయబోయి ఆగి, "అమ్మంటే? ఇచ్చేవారా, పోయినవారా?" అన్నాడు. "పోయినావిడ" అన్నాను. "పోయినావిడే మా అమ్మ." ఆవిణ్ణి ఆ మాట అనడం అదే మొదలు. ఒక్కసారైనా బతికుండగా అనాల్సింది. పంక్చరు షెడ్డులో గాలి కొట్టే మిషను మోగుతోంది కనుక నా గొంతు ఎవరికీ వినపడలేదు. నోటరీకి వినపడింది. కుర్చీ నాకిచ్చి ఆయన నిలబడి టైపు చేశాడు.

కాగితం జత చేశాను. మూడు చోట్లా సరిగ్గా ఉంది, నాలుగుసార్లు చూసుకున్నాను.

నేను రావాలా రిజిస్ట్రేషనుకి? వచ్చి ఏదో ఒకటి తప్పుగా అంటానేమోనని భయంగా ఉంది. మే మొదటివారంలో సామానుతోనే వస్తాం. నీ కోడలికి లేతాకుపచ్చ నచ్చింది. నిన్ను అత్తయ్యా అనాలా వదినా అనాలా అని అడుగుతోంది. నన్నడిగితే నేనేం చెప్పను? నువ్వే తేల్చు. పన్ను ఎంతైందో రాయి. సగం నేను పంపుతాను. వద్దనకు.

నీ గుండీ


ఏప్రిల్ 18

గుండీ,

రిజిస్ట్రేషను అయింది. ఇల్లు నీది. నువ్వు రానవసరం లేకపోయింది, నీ కాగితం సరిపోయింది. పన్ను సంగతి అడగకు. దాచుకున్నది ఉంది.

అమ్మాయిని అత్తయ్యా అనే పిలవమను. కొత్తగా నేర్చుకోవడం ఇద్దరికీ కష్టం. రంగు ఆరింది. కిటికీ ఒకటి బిగుసుకుపోయింది. నువ్వొచ్చి తెరువు.

ఆఫీసు గురించి కొంచెం రాస్తాను. పొడుగాటి హాలు. బల్ల వెనుక రిజిస్ట్రారు, ఆయన పక్కన డబ్బు కట్టించుకునే అమ్మాయి. దస్తావేజుల ఆయన కళ్ళజోడు ఈసారి ముక్కు మీదే ఉంది. రిజిస్ట్రారు దస్తావేజు చదివి, "పుచ్చుకునేవారు మీకేమవుతారు? మీ నోటితో చెప్పాలి" అన్నాడు. కాగితం మీద ఉన్నదే. అయినా నోటితో చెప్పాలట, అది పద్ధతి.

నోరు తెరిచాను. నిన్ను నేను ఆ మాటతో ఎవరికీ చెప్పలేదు. కొట్టుకి వచ్చేవాళ్ళకి మావాడు అని చెప్పేదాన్ని. బళ్ళో మావాడు అన్నాను, నీ పెళ్ళిలో మావాడు అన్నాను. దస్తావేజుల ఆయన దగ్గర తల ఊపి ఊరుకున్నాను.

"తమ్ముడు" అన్నాను.

"వినపడలేదమ్మా."

"తమ్ముడండీ."

రాసుకున్నాడు. సంతకం పెట్టాను. వేలిముద్ర వేశాను. డబ్బు లెక్కపెట్టుకుంటూ ఆ అమ్మాయి నన్ను జాలిగా చూసింది.

"అదే మీరు అమ్మైతే ఇంత కట్టక్కర్లేదండీ" అంది.

"తెలుసమ్మా" అన్నాను. "ఇన్నేళ్ళూ ఊరికే అనిపించుకున్నాను. ఈమాత్రం కట్టాలి."

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. రసీదు ఇచ్చింది.

ఉంటాను.